‘వెళ్ళను’ అని వెళ్ళినవాడు, ‘చూద్దాం’ అని ఊరుకున్నవాడు



ఆమధ్య ఒక ఆదివారం పూజ ముగిశాక మా విచారణ యువతీయువకులను కూర్చోబెట్టి చిన్న పని ఒకటి అప్పగించాను. నల్లబల్ల మధ్యలో నిలువుగా గీత గీశాను. “ఒక మాట అని, తరువాత దాన్ని మార్చుకున్న మనిషిని మన ఊళ్ళో ఏమంటారు?” అని ఎడమవైపు రాశాను. “ఏ మాటా తేల్చి చెప్పకుండా తప్పించుకునే మనిషిని ఏమంటారు?” అని కుడివైపు రాశాను. ఎవరికి తోచినవి వారు వచ్చి రాయాలి.

సుద్దముక్క చేతులు మారుతూ పోయింది. ఎడమవైపు ఇవి వచ్చాయి: మాట తప్పాడు, మాట మార్చాడు, ప్లేటు ఫిరాయించాడు, నాలుక మడతేశాడు, పిల్లిమొగ్గలు వేశాడు, మడమ తిప్పాడు, దిగివచ్చాడు, తోక ముడిచాడు. కుడివైపు ఇవి: గోడమీద పిల్లి, నీళ్ళు నమిలాడు, నాన్చాడు, మీనమేషాలు లెక్కపెట్టాడు, డొంకతిరుగుడుగా మాట్లాడాడు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడు, పాము చావకుండా కర్ర విరగకుండా చూశాడు.

పిల్లలు నవ్వుకుంటున్నారు. వెనుక బల్లలు తుడుస్తున్న ఒక పెద్దావిడ మాత్రం చీపురు పక్కన పెట్టి, “తప్పు తెలుసుకుని మారిన మనిషిని కూడా ఈ మాటలతోనే తిడతామా ఫాదర్‌గారూ? మంచిమాట ఒక్కటీ లేదా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఈ వారం పాఠం ఆమెకు నేను బాకీ పడిన జవాబు.

మాటల లోపలి కొలత

ముందుగా ఎడమవైపు మాటలు చూడండి. మన భాషలో మాట నిలబడేది. “మాట నిలబెట్టుకున్నాడు”, “మాట మీద నిలబడ్డాడు” అంటాం. మార్చుకున్నవాడు మాత్రం “దిగివచ్చాడు”, “ఒక మెట్టు దిగాడు”, “వెనక్కి తగ్గాడు”. అంటే మనం మనిషిని ఎత్తుతో కొలుస్తున్నాం. నిలబడితే ఎత్తు, మారితే పల్లం. అందుకే ఇంటి యజమాని తన పొరపాటు తనకు తెలిసిన తరువాత కూడా పిల్లల ముందు ఒప్పుకోవడానికి వెనుకాడతాడు. భార్యాభర్తల మధ్య గొడవ ఏ విషయంమీద మొదలైందో ఇద్దరూ మరచిపోతారు. ఎవరు ముందు తగ్గాలన్నదే మిగులుతుంది.

మొండివాడిని చూసీ మనం నవ్వుతాం. “తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు” అన్నది సామెత. కుందేలు చేతిలోనే ఉంది, దాని నాలుగు కాళ్ళూ కంటి ముందే ఉన్నాయి. అయినా నిన్న మూడు అన్నాను కాబట్టి ఈ రోజూ మూడే. మారినవాడినీ ఎగతాళి చేసి, మారనివాడినీ ఎగతాళి చేసే భాష మనది. ఇక సామాన్యుడికి క్షేమంగా కనిపించే దారి ఒక్కటే: అసలు ఏమీ చెప్పకుండా ఉండటం.

ఇక కుడివైపు మాటలు. ‘నాన్చడం’ అంటే నీళ్ళలో వేసి ఉంచడం. పప్పు నానితే వంటకు పనికివస్తుంది. మాట నానితే పులిసిపోతుంది. ‘నీళ్ళు నమలడం’లో నోరు ఆడుతుంది, దవడలు కదులుతాయి, నమలడానికి మాత్రం లోపల ఏమీ ఉండదు. ‘మీనమేషాలు’ సంగతి చూడండి: పన్నెండు రాశులలో మేషం మొదటిది, మీనం చివరిది. చివరికి వచ్చిన లెక్క మళ్ళీ మొదటికే చేరుతుంది. గోడమీద పిల్లికేమో తొందర లేదు. ఏ ఇంట్లో పాలగిన్నె మీద మూత తీసి ఉంటే ఆ ఇంట్లోకి దూకుతుంది.

అయితే ఒక్క సంగతి గమనించండి. ఈ కుడివైపు మాటలన్నీ పక్కవాళ్ళు అనేవి. తప్పించుకునే మనిషి తన నోటితో అనేవి వేరు: “చూద్దాం”, “ఆలోచిద్దాం”, “పెద్దలు ఎలా అంటే అలా”, “మీ ఇష్టం”, “సమయం రానివ్వండి”. ఇవన్నీ వినడానికి మర్యాదగా ఉంటాయి. వినయం, ఓర్పు, శాంతం అనే బట్టలు కట్టుకుని వస్తాయి. అందుకే వీటిని ఎవరూ పట్టుకోరు. మాట మార్చినవాడు వెంటనే పట్టుబడతాడు. నాన్చినవాడు మంచివాడుగా చెలామణి అవుతాడు.

ఇది నేను పుస్తకాలలో చదివి చెబుతున్నది కాదు. నా అనుభవంలోనిది. చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉన్నా చెబుతాను.

ఒక పెండ్లి, మూడు చాటింపులు

చాలా ఏళ్ళ క్రిందట, వేరొక విచారణలో పనిచేస్తున్నప్పటి మాట. కౌలు వ్యవసాయం చేసుకునే ఒక రైతు తన కూతురికి సంబంధం కుదుర్చుకున్నాడు. ప్రధానం అయిపోయింది. ఆగమన కాలం రాకముందే పెండ్లి జరిపించాలని తేదీ పెట్టుకున్నారు. నేను గుడిలో మొదటి చాటింపు చదివాను, రెండవదీ చదివాను. ఆ రెండవ ఆదివారం సాయంత్రం ఆ అమ్మాయి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా గది వాకిట్లోకి వచ్చింది.

“ప్రధానం రోజున అవునన్నాను ఫాదర్‌గారూ. ఇప్పుడు నా మనసు ఒప్పుకోవడంలేదు. అతను ఫోనులో మాట్లాడే తీరు చూస్తే భయమేస్తోంది. నాన్న మాట పోతుందని ఇంట్లో చెప్పలేకపోతున్నాను. మీరు చెప్పండి” అంది.

నేనేం చేశానో వినండి. “చూద్దామమ్మా. ప్రార్థన చేసుకో. మీ నాన్నగారితో నేను మాట్లాడతానులే” అన్నాను. ఆమె నమ్మి వెళ్ళిపోయింది. ఆ వారంలో నేను వాళ్ళ నాన్నగారిని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ వానల గురించి, మినుము ధర గురించి మాట్లాడాను. కారణం మీకు దాచను. పెండ్లికొడుకు పినతండ్రి మా గుడి ప్రహరీగోడకు సాయం చేసిన పెద్దమనిషి. గోడ ఇంకా సగమే లేచింది. గోడమీద పిల్లి అని ఇతరులను అంటాం గాని, ఆ వారం ఆ సగం గోడ మీద కూర్చున్నది నేనే.

మూడవ ఆదివారం వచ్చింది. మూడవ చాటింపు నా నోటితోనే చదివాను. ఆమె ఆడవాళ్ళ వరుసలో కూర్చుని ఒక్కసారి తలెత్తి నావైపు చూసింది. మళ్ళీ దించుకుంది.

బుధవారం పొద్దుగూకాక ఆమె తండ్రి వచ్చాడు. కూతురు తల్లితో చెప్పిందట, తల్లి ఆయనతో చెప్పిందట. ఆ రోజే ఆయన అవతలి ఊరు వెళ్ళి, ఉంగరం, పెట్టిన బట్టలు తిరిగి ఇచ్చి, వాళ్ళకయిన ఖర్చు తాను భరిస్తానని చెప్పి, పడవలసిన మాటలన్నీ పడి వచ్చాడు. “మాట నాది ఫాదర్‌గారూ, బతుకు పిల్లది. నా మాట నిలబెట్టడానికి దాని బతుకు పెట్టలేను” అన్నాడు. కాసేపు ఊరుకుని, “ముందు మీ దగ్గరకే వచ్చిందట కదా. మీరేమన్నారు?” అని అడిగాడు. నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. అప్పుడు నేను నమిలినవి నీళ్ళే.

తరువాత సంగతి ఇంకా గట్టిది. ఆ రైతుకు ఊళ్ళో ఒక ఏడాదిపాటు ‘మాట తప్పినవాడు’ అనే పేరు నిలిచిపోయింది. నన్ను గురించి మాత్రం, “ఫాదర్‌గారు ఎవరి జోలికీ పోరు, శాంతస్వభావులు” అని చెప్పుకున్నారు. నల్లబల్ల మీది లెక్క ప్రకారం అతడు ఎడమవైపు, నేను కుడివైపు. నింద అతనికి దక్కింది, మెప్పు నాకు దక్కింది.

మత్తయి సువార్తలోని పక్కపక్క సంఘటనలు

ఆ డిసెంబరులో ఆగమన కాలపు మూడవ వారం సోమవారం పూజ చేస్తున్నాను. ఆ రోజు సువిశేషం మత్తయి 21వ అధ్యాయం, 23 నుండి 27 వచనాలు. మరునాడు మంగళవారం దాని కొనసాగింపు, 28 నుండి 32 వచనాలు. విడివిడిగా ఎన్నోసార్లు చదివినవే. ఆ ఏడు మాత్రం రెండూ కలిపి చదివినట్టు వినిపించాయి.

సోమవారం సంఘటన ఇది. యేసు దేవాలయంలో బోధిస్తుండగా ప్రధానార్చకులు, పెద్దలు వచ్చి, ఏ అధికారంతో ఇవన్నీ చేస్తున్నావని అడిగారు. యోహాను ఇచ్చిన స్నానం పరలోకంనుండి కలిగినదా, మనుష్యులనుండి కలిగినదా చెప్పండి, అప్పుడు నేనూ చెబుతానన్నారు ప్రభువు. వారు పక్కకు వెళ్ళి తమలో తాము ఆలోచించుకున్నారు. పరలోకంనుండి అంటే, మరి ఎందుకు నమ్మలేదని అడుగుతాడు. మనుష్యులనుండి అంటే, యోహానును ప్రవక్తగా ఎంచే జనం ఊరుకోరు. అంతా కూడి తీసి చివరకు చెప్పిన జవాబు, తమకు తెలియదని.

వారి ఆలోచనను మత్తయిగారు మన ముందు విప్పి పెట్టారు. దాన్ని మళ్ళీ ఒకసారి వెతకండి. అందులో ‘ఇది చెబితే ఏమవుతుంది, అది చెబితే ఏమవుతుంది’ అన్న లెక్క ఉంది. ‘ఏది నిజం?’ అన్న ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. తెలియనివాడు తెలియదంటే అది నిజాయితీ. వీరి సంగతి అది కాదు. తెలుసుకోవాలన్న కోరికే వారికి లేదు.

ఆ వెంటనే, అదే మనుషులతో, ప్రభువు ఇద్దరు కుమారుల ఉపమానం చెప్పారు. తండ్రి ద్రాక్షతోటకు వెళ్ళి పనిచేయమంటే ఒకడు వెళ్ళనన్నాడు. తరువాత మనసు మార్చుకుని వెళ్ళాడు. రెండవవాడు ఎంతో మర్యాదగా వెళతానన్నాడు, వెళ్ళలేదు. తండ్రి ఇష్టాన్ని నెరవేర్చినది ఎవరన్న ప్రశ్నకు ఈసారి పెద్దలు తప్పించుకోలేకపోయారు. తాము ఏ వరుసలో ఉన్నారో అప్పుడు వినవలసివచ్చింది: సుంకరులు, వేశ్యలు యోహానును నమ్మారు, అది చూసిన తరువాత కూడా మీరు మనసు మార్చుకోలేదు.

చూశారా? నల్లబల్ల మీద నేను గీసిన గీతకు రెండు వైపులా ఉన్నవారిని ప్రభువు ఒకేచోట నిలబెట్టారు. మాట మార్చుకున్నవాడిని మెచ్చుకున్నారు. ఏ మాటా చెప్పనివారిని మందలించారు. మనం వేసే మార్కులు తలకిందులయ్యాయి.

పాత భాషల మాటలు

ఆ కుమారుని మనసు మారడానికి మత్తయిగారు వాడిన గ్రీకు మాట ‘మెటమెలోమాయ్’. తరువాత మనసులో బాధపడటం దాని అర్థం. మన ‘పశ్చాత్తాపం’ దానికి చాలా దగ్గర. పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే వేడి, మంట. పని అయిపోయిన తరువాత లోపల పుట్టే మంట. ఇదే సువార్త 27వ అధ్యాయంలో యూదా ఇస్కారియోతు గురించి కూడా ఇదే మాట వస్తుంది. అతడూ బాధపడ్డాడు, ముప్పది వెండి నాణెములు తిరిగి ఇచ్చాడు. మంట ఇద్దరిలోనూ ఒక్కటే. ఒకని పాదాలు తండ్రి తోటకు నడిచాయి. ఇంకొకని పాదాలు ఒంటరి చావుకు నడిచాయి. బాధపడటంతోనే పని పూర్తికాదని దీనివల్ల తెలుస్తుంది.

యోహాను, యేసు తమ బోధ మొదలుపెట్టిన మాట మరొకటి: ‘మెటనోయా’. ‘నూస్’ అంటే మనసు, ఆలోచించే శక్తి. ఆ మనసే కొత్తదారి పట్టడం మెటనోయా. మన తోటి క్రైస్తవులు దీన్ని ‘మారుమనస్సు’ అంటారు. మనం ‘హృదయ పరివర్తనం’ అంటాం. హీబ్రూ ప్రవక్తల మాట ఇంకా సాదాగా ఉంటుంది: ‘షూబ్’, అంటే తిరిగి రావడం. దారి తప్పినవాడు వెనక్కి తిరిగి ఇంటికి నడవడం. మన భాష మార్పును మెట్టు దిగడంగా చూస్తే, వారి భాష దాన్ని ఇంటిదారి పట్టడంగా చూస్తుంది. దారి తప్పానని తెలిసి వెనక్కి తిరిగినవాడిని తగ్గాడు, ఓడిపోయాడు అని ఎవరంటారు?

తేల్చుకోని మనిషికీ ఆ గ్రంథంలో మాటలున్నాయి. కర్మెలు కొండ మీద ఏలీయా ప్రవక్త ప్రజలను అడిగిన ప్రశ్నలో (1 రాజులు 18:21) ఉన్న క్రియకు కుంటడం అని అర్థం. ఎంతకాలం ఈ కాలి మీద కొంతసేపు, ఆ కాలి మీద కొంతసేపు కుంటుతారని ఆయన అడిగాడు. ప్రజలు ఒక్కమాట కూడా బదులు పలకలేదని అదే వచనం చెబుతుంది. యాకోబుగారి లేఖలో ‘దిప్సుకోస్’ అనే మాట ఉంది: రెండు ప్రాణాలవాడు, ద్విమనస్కుడు. నూతన నిబంధనలో ఈ మాట యాకోబుగారి లేఖలో రెండుసార్లు తప్ప మరెక్కడా లేదు.

ఇక పిలాతు సంగతి అందరికీ తెలిసినదే. మనం ‘చేతులు దులుపుకున్నాడు’ అంటాం. అతడు నీళ్ళు తెప్పించుకుని మరీ కడుక్కున్నాడు. నాకు సంబంధం లేదన్నాడు. అయినా ప్రభువును సిలువకు అప్పగించినది అతని ఆజ్ఞే. తేల్చకుండా ఉండటం కూడా ఒక తీర్పే. దాని ఫలితం ఎవరో ఒకరు అనుభవిస్తారు.

ప్రతి మార్పూ మంచిదేనా?

కాదు. 1967లో హర్యానా శాసనసభ్యుడు ఒకరు కొద్దిరోజులలోనే మళ్ళీమళ్ళీ పార్టీలు మార్చినందుకు ‘ఆయారాం గయారాం’ అనే మాట దేశమంతా పాకింది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపులకు అడ్డుకట్టగా చట్టమే చేయవలసివచ్చింది. లాభం కోసం మారేవాడికి మన ఎడమవైపు మాటలు తగినవే. మరి తేడా ఎలా తెలుసుకోవాలి?

పేతురుగారిలో రెండు రకాల మార్పులూ కనిపిస్తాయి. కొర్నేలి ఇంట (అపోస్తలుల కార్యములు 10) ఆయన మనసు మారింది. అన్యజనుల గడప తొక్కరాదన్న తన పాత పట్టుదలను వదిలాడు. యెరూషలేములో విమర్శలు వచ్చినప్పుడు జరిగినదంతా మొదటినుండి వరుసగా చెప్పాడు. అంతియోకయలో (గలతీ 2:11-14) ఆయన మళ్ళీ మారాడు. అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్నవాడు, యాకోబు వద్దనుండి కొందరు రాగానే మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. పౌలుగారు అందరి ఎదుటే ఆయనను నిలదీశారు. మొదటి మార్పుకు కారణం సత్యం. అందుకే దానికి వివరణ ఇవ్వగలిగాడు. రెండవదానికి కారణం భయం. అందుకే చప్పుడు లేకుండా తప్పుకున్నాడు.

పౌలుగారి మీద కూడా మాట మార్చాడన్న నింద పడింది. కొరింతుకు వస్తానని చెప్పి ప్రయాణం మార్చుకున్నందుకు, అవును కాదు రెండూ అనే మనిషి అన్నారు. రెండవ కొరింతీ లేఖ మొదటి అధ్యాయంలో ఆయన ఆ నిందను దాటవేయలేదు. తానెందుకు రాలేదో విడమరచి చెప్పారు. పునీత తోమా అక్వినాసుగారు తమ ‘సుమ్మా’ గ్రంథంలో అబద్ధం గురించిన ప్రశ్న దగ్గర ఈ సంగతినే తీసుకున్నారు. చేస్తాననే ఉద్దేశంతో మాట ఇచ్చినవాడు, పరిస్థితులు మారినందువల్ల చేయలేకపోతే అబద్ధమాడినట్టు కాదు. చేయరాని పనికి మాట ఇచ్చినవాడైతే ఆ మాట ఇవ్వడంలోనే తప్పు చేశాడు. ఉద్దేశం మార్చుకుంటే మంచిపని చేసినట్టే. విందులో ఇచ్చిన మాట కోసం యోహాను తల నరికించిన హేరోదు ఈ పాఠం నేర్చుకోలేదు. ఆయన ‘మాట తప్పలేదు’.

ఆ గ్రంథంలోనే మరొకచోట అక్వినాసుగారు స్థిరత్వాన్ని మధ్యలో ఉంచి, ఒకవైపు మెత్తదనాన్ని, ఇంకొకవైపు మొండితనాన్ని పెట్టారు. కష్టం తగలగానే జారిపోయేది మెత్తదనం. కుందేటికి మూడే కాళ్ళనేది మొండితనం. వివేకానికి మూడు మెట్లున్నాయనీ చెప్పారు: విచారించడం, నిర్ణయించడం, ఆచరణకు పూనుకోవడం. ‘చూద్దాం’ అనేవాడు మొదటి మెట్టు మీదే చాప పరుచుకుంటాడు.

అలాగని ఆగడమంతా తప్పించుకోవడం కాదు. అపోస్తలులను చంపాలని సభ ఉడికిపోతున్నప్పుడు గమలీయేలు లేచి, వీరి జోలికి పోవద్దు, దైవకార్యమైతే మీరు ఆపలేరన్నాడు. అదీ వేచి చూద్దామన్న మాటే. అయితే ఆయన దాన్ని నిండుసభలో, కారణంతో సహా చెప్పాడు. దానివల్ల అపోస్తలుల ప్రాణం నిలిచింది. నా ‘చూద్దాం’ వల్ల ఆ అమ్మాయికి ఏమి నిలిచింది?

నాకు అర్థమైనది ఇంతే. నిజాయితీగా మనసు మార్చుకున్నవాడు దాని ఖరీదు తానే చెల్లిస్తాడు. ఆ రైతు ఉంగరం, డబ్బు, పరువు అన్నీ చెల్లించాడు. నాన్చినవాడి ఖరీదును ఎదుటివాడు చెల్లిస్తాడు. నా ఖరీదును ఆ పిల్ల పది రాత్రుల నిద్రతో చెల్లించింది. మీరు మారేటప్పుడు గాని, ఆగేటప్పుడు గాని, దీని ఖరీదు ఎవరి మీద పడుతోందని అడిగి చూడండి. చాలాసార్లు జవాబు తేటగా దొరుకుతుంది.

పెండ్లి విషయంలో ఒక స్పష్టత

ఈ కథ చెప్పాను కాబట్టి తల్లిదండ్రులకు ఒక మాట. ప్రధానం వివాహం కాదు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1062వ సూత్రం ప్రకారం, పెండ్లి చేసుకుంటానన్న వాగ్దానాన్ని చూపి పెండ్లి జరిపించి తీరాలని ఎవరూ దావా వేయలేరు. నష్టం జరిగి ఉంటే పరిహారం మాత్రం అడగవచ్చు. వివాహాన్ని వివాహంగా చేసేది వధూవరుల సమ్మతి. దాన్ని వారి బదులు మరెవరూ ఇవ్వలేరని 1057వ సూత్రం. బలవంతంవల్ల గాని, తీవ్రమైన భయంవల్ల గాని జరిగిన వివాహం చెల్లదని 1103వ సూత్రం. పీఠం ముందు స్వేచ్ఛగా ‘అవును’ అన్న తరువాత అది జీవితకాలపు మాట. దానిలో నిలబడటానికి పై నుండి కృప ఉంది. ఆ ‘అవును’కు అంత బరువు ఉన్నది కాబట్టే, దానికి ముందు ‘కాదు’ అనే స్వేచ్ఛ నిండుగా ఉండాలి.

ఆ సంఘటన తరువాత నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. వివాహ విచారణలో వధువును, వరుణ్ణి విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతాను. ఎవరికైనా ‘చూద్దాం’ అనవలసివస్తే, ఏ రోజున జవాబు చెబుతానో ఆ రోజు పేరు కూడా చెబుతాను. తేదీ ఉన్న ‘చూద్దాం’ ఆలోచన. తేదీ లేనిది నాన్చుడు.

ఆ పెద్దావిడకు జవాబు

పునీత అగుస్తీనువారు తమ చివరి సంవత్సరాలలో, 426-427 ప్రాంతంలో, తాము అంతవరకు రాసిన 93 గ్రంథాలను మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఎక్కడ పొరబడ్డారో రాసిపెట్టారు. ఆ పుస్తకం పేరు ‘రెట్రాక్తాత్సియోనెస్’. మరల చేపట్టి పరిశీలించడం అని దాని అర్థం. అప్పటికే గొప్ప పేరున్న పీఠాధిపతి. తానే చేశారు. దానివల్ల ఆయన ఎత్తు తగ్గలేదు.

మరి మన ఇంటిభాషలో మంచిమాట లేదా అంటే, ఉందమ్మా. రెండున్నాయి. “నేననుకున్నది తప్పు” అన్నది ఒకటి. “ఇప్పుడు తెలిసింది, ఇలా చేస్తాను” అన్నది రెండవది. నల్లబల్ల మీద ఎవరూ వాటిని రాయలేదు, ఎందుకంటే అవి ఇతరులను గురించి అనే మాటలు కావు. ఎవరికి వారు తమను గురించి అనుకోవలసినవి.

మూడవ చాటింపు చదివిన చాలా రోజులకు, క్రిస్మసు ముందు పాపసంకీర్తనం చేసుకుని, నేనూ ఆ రైతు ఇంటికి వెళ్ళి తండ్రీకూతుళ్ళిద్దరి ముందు ఆ రెండు మాటలూ అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తండ్రి మాత్రం, “ఆలస్యంగానైనా వచ్చారు కదా ఫాదర్‌గారూ, కూర్చోండి” అన్నాడు.

కుటుంబంలో కలిసి ఆలోచించడానికి

1. మత్తయి 21:23-32 ఇంట్లో ఒకరు పైకి చదవండి. మీ ఇంట్లో ‘వెళ్ళను’ అని వెళ్ళేది ఎవరు? ‘వెళతాను’ అని వెళ్ళనిది ఎవరు?

2. ఎవరికైనా ‘చూద్దాం’ అని చెప్పి మీరు మరచిపోయిన మాట ఉందా? ఆ జవాబు కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?

3. తల్లిదండ్రులు తమ నిర్ణయం తప్పని పిల్లల ముందు చివరిసారి ఎప్పుడు ఒప్పుకున్నారు? ఒప్పుకున్న తరువాత పిల్లల దృష్టిలో గౌరవం తగ్గిందా, పెరిగిందా? పిల్లలనే అడగండి.

4. మనసు మార్చుకున్న మనిషిని ఊళ్ళో ఎగతాళి చేస్తుంటే, ఈ వారం మీరు ఏ మాట అంటారు?